కట్టు కట్టే గది

గ్రిమ్స్‌బీ, ఇంగ్లండు
8 సెప్టెంబరు 2024

చెవులు తప్ప మిగతావన్నీ చురుగ్గా ఉన్న మా హులిగెమ్మ అత్తకు,

ఫోనులో నేను ఒకటి అడిగితే నువ్వు ఇంకొకటి చెబుతావు. పక్కనుంచి నీ కొడుకు ప్రకాష్ బావ దుబాసీ పని చేస్తూ సగం తన మాటలు కలుపుతాడు. అందుకే ఈ కాగితం. చదివి నీ దగ్గరే పెట్టుకో, బావ చేతికివ్వకు.

వచ్చి ఐదు వారాలైంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఇంట్లో నాతోపాటు ఇద్దరు కేరళ నర్సులు, జిన్సీ, షైనీ ఉన్నారు. ముగ్గురికీ ఒకటే వంటగది. నేను ఎండుమిరపకాయలు వేయించిన రోజు పొగకు గంట మోగి వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఆ రోజు నుంచి నన్ను అందరూ గుర్తుపడుతున్నారు.

అసలు సంగతి చెబుతాను. ఆదోనిలో ఆరేళ్ళు ఐసీయూలో చేసినా ఇక్కడ నేనింకా నర్సును కాదు. వీళ్ళ రిజిస్టరులో పేరు ఎక్కేదాకా బూడిదరంగు చొక్కా వేసుకుని టీలు అందించాలి, దుప్పట్లు మార్చాలి. సూది ముట్టుకోకూడదు. పేరెక్కాలంటే పరీక్ష నెగ్గాలి. పది గదులు, ఒక్కో గదిలో ఒక్కో పని. కొన్నిట్లో బొమ్మ పడుకుని ఉంటుంది, కొన్నిట్లో రోగి వేషం కట్టిన మనిషి ఉంటాడు. బొమ్మకైనా సరే పలకరింపు చెప్పి, పేరడిగి, "మీ చెయ్యి పట్టుకోవచ్చా" అని అనుమతి తీసుకోవాలి. చేసే ప్రతి పనీ పైకి చెబుతూ చెయ్యాలి. నువ్వైతే మొదటి గదిలోనే తప్పుతావు. "తిరుక్కో" అనేలోపే సూది పొడిచేసి పక్క మంచానికి పోయే మనిషివి కదా.

మూడుసార్లు అవకాశం ఇస్తారు. మూడూ తప్పితే ఈ ఉద్యోగం ఉండదు, వీసా ఉండదు, ఇంటికి రావడమే. పరీక్ష అక్టోబరు 4న. నాన్నకు తేదీ చెప్పు, మూడుసార్ల సంగతి మాత్రం చెప్పకు.

నీ మేనకోడలు,
బూడిదరంగు హెప్సిబా


ఆదోని
25 సెప్టెంబరు 2024

బొమ్మలకు దండాలు పెట్టే కోడలికి,

ఉత్తరం అందింది. ప్రకాష్ చేతికి నేనివ్వలేదు. వాడే పోస్టుమన్ దగ్గర తీసుకుని, చదివి, మళ్ళీ అంటించి నాకిచ్చాడు. జిగురు తడి ఇంకా ఆరలేదు.

అనుమతి అడిగి సూది వేస్తే మన ఊళ్ళో ఒక్కడైనా వేయించుకుంటాడా? ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. నేను కట్టిన కట్టు కింద ఒక్క పుండుకైనా చీము పట్టిందా అడుగు. నువ్వు నర్సింగు చదివిన నాలుగేళ్ళూ నా ఇంట్లో ఉండి, నా వెనకాల తిరిగి నేర్చుకున్నదానివి. నేను నేర్పింది ఏదీ నిన్ను ముంచదు. రాసిపెట్టుకో.

అయినా చూద్దామని నేనూ మీ పద్ధతి చేసి చూశాను. పక్కింటి ఉచ్చీరమ్మ బీపీ చూపించుకోవడానికి వచ్చింది. "అమ్మా, నా పేరు హులిగెమ్మ. మీ పేరేమి? మీ చెయ్యి పట్టుకోవచ్చునా?" అన్నాను. ముప్పై ఏళ్ళ పరిచయం మాది. ఆమె నా మొహంకేసి చూసి, "ఓ ప్రకాషా, బిన్నా రాప్పా! మీయమ్మకి ఏమో అయిపోయె, నన్నే పేరు అడగతాంది!" అని అరిచింది. బీపీ నూట డెబ్బై వచ్చింది. నేనే పెంచానని వీధంతా చెప్పుకుంటోంది.

మీ నాన్న ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులో తోటి హమాలీలందరికీ "మా పాపది పది గదుల పరీచ్చ" అని చెప్పుకున్నాడు. వాళ్ళలో సగం మంది నువ్వు అక్కడ పది గదుల ఇల్లు కొన్నావనుకుంటున్నారు. మీ నాన్న, అదే నా తమ్ముడు ఎర్రిస్వామి, ఆ మాట దిద్దలేదట.

వేళకు తిను. చలికి తల కప్పుకో.

మీ అత్త,
రిటైరైనా చెయ్యి వణకని హులిగెమ్మ


గ్రిమ్స్‌బీ
13 అక్టోబరు 2024

అత్తా, కూర్చుని చదువు.

తొమ్మిది గదులు నెగ్గాను. ఒకటి తప్పాను. అది కూడా ఏదనుకున్నావు, కట్టు కట్టే గది. నీ దగ్గర మొట్టమొదట నేర్చుకున్న పని.

ఒక ముసలాయన మోకాలి కింద రబ్బరు పుండు అంటించుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు కడుక్కుని, స్టెరైల్ గ్లౌజులు తొడుక్కుని, పుండు శుభ్రం చేసి కట్టు కట్టాలి. అంతా బాగానే చేశాననుకుని బయటికొచ్చాను. తప్పానని ఇచ్చిన కాగితం మీద ఏం రాశారంటే, గ్లౌజులు వేసుకున్న చేత్తో కళ్ళు ముట్టుకుందట. అత్తా, ప్రమాణంగా నేను ముట్టుకోలేదు. అంత శుభ్రంగా కడిగిన చెయ్యి కళ్ళ దగ్గరికి ఎందుకు పోతుంది? పరీక్ష పెట్టిన ఆమె అబద్ధం రాయదు. నేనూ అబద్ధం చెప్పడం లేదు.

మా వార్డు పెద్ద నర్సు డాన్ ఆ కాగితం చదివి నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన దీపం వేసి చూసి, కళ్ళు దివ్యంగా ఉన్నాయని చెప్పి, ఉత్త చేతులతో పంపడం ఎందుకని కాబోలు చుక్కల మందు ఇచ్చాడు. ఏ జబ్బుకో తెలియకుండా రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నాను.

తప్పిన గది ఒక్కటే మళ్ళీ చెయ్యాలి, నవంబరు 20న. నాన్నకు చెప్పకు. మూట నెత్తిన ఉన్నప్పుడు మనసు ఇటు పెట్టుకుంటే కాలు జారుతుంది.

చుక్కల మందుతో,
హెప్సిబా


ఆదోని
29 అక్టోబరు 2024

దాచినా దాగని కోడలికి,

నువ్వు ఎంత అమాయకంగా రాసినా నేను అర్థం చేసుకోగలను. కళ్ళు ముట్టుకున్నావంటే తుడుచుకున్నావు. తుడుచుకున్నావంటే ఏడ్చావు. ఎందుకేడ్చావో కూడా తెలుసు. హైదరాబాదు విమానాల దగ్గర మా ప్రకాష్ నీ పెట్టె పట్టుకుని అంతసేపు నిలబడ్డప్పుడే అనుకున్నాను. సిగ్గుపడకు. మేనత్త కొడుకు మీద మనసుండటం తప్పేమీ కాదు.

వాడితో ఒక్క మాట అన్నాను, అంతే. ఎమ్మిగనూరులో తన సెల్‌ఫోన్ల అంగడి మూసి, పోయి ఒక గళ్ళ చొక్కా కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

మీ నాన్నతో పడరాని పాట్లు పడుతున్నాను. "అక్కా, పాప పరీచ్చ ఏమాయ?" అన్నాడు. "బొమ్మకు జబ్బు చేసింది, వాయిదా పడింది" అన్నాను.

"బొమ్మకి యాడన్నా జబ్బు సేస్తాదాక్కా?"

"ఆ దేశంలో చేస్తాదిలే" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. తమ్ముడు కాబట్టి సరిపోయింది.

నా సలహా విను. పరీక్షకు ముందురోజే తలుపు వేసుకుని కడుపారా ఏడ్చేసి పో. కళ్ళలో నీళ్ళు లేకపోతే తుడుచుకునే పనే ఉండదు.

నీ మనసెరిగిన అత్త,
హులిగెమ్మ


గ్రిమ్స్‌బీ
24 నవంబరు 2024

అత్తా,

రెండోసారీ తప్పాను. ఆ మాట ముందు చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుతావని ముందే చెబుతున్నాను.

నేను ఏడవలేదు. మొదటిసారీ ఏడవలేదు. బావ పెట్టె పట్టుకుని నిలబడింది దాని చక్రం ఊడిపోయి. చొక్కా అంగట్లో తిరిగిచ్చెయ్యమను, పాపం.

ఇప్పుడు విను. మళ్ళీ అదే గది, అదే ముసలాయన, అదే రబ్బరు పుండు. చేతులు కడిగాను, గ్లౌజులు తొడిగాను, అంతా పైకి చెబుతూ చేస్తున్నాను. బల్ల మీద నుంచి ఆయన వివరాలున్న కాగితం జారి కింద పడింది. చూసుకోకుండా దాన్ని తొక్కాను. మరుక్షణం వంగి కాగితాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నాను! గ్లౌజు రెప్పకు తగిలాక తెలిసింది ఏం చేస్తున్నానో. గ్లౌజులు మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టేలోపు గంట కొట్టేశారు.

అప్పుడు మొదటిసారి జరిగింది కూడా గుర్తొచ్చింది. అక్టోబరులో బల్ల వైపు తిరుగుతూ ఆ ముసలాయన పాదాన్ని తన్నాను. వెంటనే ఆయన కాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఊపిరి పీల్చినట్టు చేసేశాను, చేసినట్టే తెలియలేదు. నాకు కళ్ళ జబ్బేమీ లేదు అత్తా, నీ పెంపకమే జబ్బు.

మనిషికి కాలు తగిలితే కళ్ళకద్దుకో, కాగితం తొక్కితే కళ్ళకద్దుకో, లేకపోతే చదువు రాదు అని నా నెత్తిన మొట్టింది ఎవరు? ఆదివారం చర్చికి పోతూ దారిలో ఎవరి కాలో తొక్కి ఊరుకున్నానని వెనక్కి పంపింది ఎవరు? "నేను నేర్పింది ఏదీ నిన్ను ముంచదు" అని నువ్వు రాసిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. నీ మీద కోపంగా ఉంది. ఇది ఎగతాళి కాదు, నిజంగానే కోపంగా ఉంది.

ఇంకొక్కటే అవకాశం, జనవరి 30న. డాన్ ఆ మాట చెబుతూ నా భుజం తట్టింది. ఎప్పుడూ తట్టని మనిషి తట్టేసరికి భయమేసింది.

హెప్సిబా


ఆదోని
9 డిసెంబరు 2024

మూతి ముడుచుకున్న కోడలికి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. ఉచ్చీరమ్మ గోడ అవతలనుంచి పరుగెత్తుకొచ్చి మళ్ళీ నాకేదో అయిందనుకుంది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. తప్పు నాదే తల్లీ.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడు వాంతులు, విరేచనాలు ఊళ్ళకు ఊళ్ళను పట్టుకున్నాయి. మంచాల మధ్య నేల మీద కూడా మనుషులే. ఊరవతల మా వీధి పిల్ల నర్సుగా వచ్చిందని కొందరు నా చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగేవాళ్ళు కాదు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలో ఒకరోజు నేల మీదున్న ఒక ముసలామె కాలు తొక్కి, చూడనట్టు వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి ఆమె పోయింది. జబ్బుతో పోయింది, నా వల్ల కాదు. అయినా ఆ తర్వాత ఎవరికి కాలు తగిలినా కళ్ళకద్దుకోకుండా అడుగు ముందుకు వెయ్యలేదు. నీకూ అదే నేర్పాను. ఎందుకో చెప్పకుండా మొట్టికాయలతో నేర్పాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది నీకు పుట్టుకతో రాలేదు, నేను మొట్టితే వచ్చింది. కాబట్టి పోతుంది. మందు రాస్తున్నాను: రోజుకు పది తన్నులు, భోజనానికి ముందు. జిన్సీని ఐదు, షైనీని ఐదు. తన్నగానే చేతులు రెండూ వీపు వెనక్కి. వాళ్ళు కూడా నర్సులే కదా, వైద్యం అంటే ఒప్పుకుంటారు.

ప్రకాష్‌కు నిజం చెప్పాను. చొక్కా తిరిగివ్వలేదు. రంగు నచ్చిందట.

నేరం ఒప్పుకున్న అత్త,
హులిగెమ్మ


గ్రిమ్స్‌బీ
28 డిసెంబరు 2024

తన్నుల డాక్టరమ్మకు,

కోపం పోయింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ముసలామె సంగతి నాకు ముందే చెప్పి ఉంటే అన్ని మొట్టికాయలు అవసరమయ్యేవి కావు.

వైద్యం మొదలుపెట్టాను. మొదటి మూడు రోజులు జిన్సీ, షైనీ దేవుడి పేరు తలుచుకుని తన్నులు తిన్నారు. నాలుగో రోజు నుంచి వాళ్ళే నన్ను తంతున్నారు. వాళ్ళకు ఈ మందు బాగా పడిందట. ముగ్గురం కుంటుకుంటూ డ్యూటీకి పోతుంటే డాన్ మా ఇంట్లో మెట్లు సరిగ్గా లేవేమోనని మనిషిని పంపింది.

ఆరో రోజుకు చెయ్యి ఆగింది. మొన్న బస్సులో ఒక అవ్వ కాలు తొక్కాను. "సారీ" అని దిగిపోయాను. చెయ్యి లేవలేదు. గెలిచాననుకున్నాను. ఇంటికి నడుస్తుంటే గెలిచినట్టు అనిపించలేదు అత్తా. వెనక్కి తిరిగి చూశాను, బస్సు వెళ్ళిపోయింది. పరీక్ష నెగ్గాలంటే ఇలా అయిపోవాలా అని దిగులేసింది.

పోనీ జబ్బైనా పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. నిన్న కంగారులో ఒకాయన చక్రాల కుర్చీని తన్నాను. కుర్చీకి కూడా దండం పెట్టాను. గాభరా పడితే చెయ్యి నా మాట వినడం లేదు. పరీక్ష గదిలో గాభరా పడకుండా ఎలా ఉంటాను? తప్పితే ఏం మొహం పెట్టుకుని రాను? నాన్న యార్డులో ఏమని చెప్పుకుంటాడు?

నాన్నకు మాత్రం ఇప్పటికీ చెప్పకు.

కుంటి కోడలు,
హెప్సిబా


ఆదోని
14 జనవరి 2025

కోడలా,

చెప్పేశాను. తిట్టేముందు ఎలా జరిగిందో విను.

నిన్న ఎమ్మిగనూరు జాతరకు వెళ్ళాను. చర్చికి పోయేదానివి నీకు జాతరేమిటని అడగకు. నేను పోయింది మిరపకాయ బజ్జీలకు. మీ నాన్నా నేనూ జనంలో నిలబడి తింటున్నాం. ఎవరో పెద్దమనిషి మీ నాన్న కాలు చెప్పుతో సహా తొక్కి, వంగి ముట్టుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. నాకు నవ్వాగలేదు. బజ్జీ గొంతులో అడ్డం పడింది. "ఏమాయక్కా, ఏమాయ?" అని వీపు మీద చరిచాడు. బజ్జీతో పాటు నిజం కూడా బయటపడింది. ముసలాయన, కాగితం, రెండు తప్పడాలు, ఒక్కటే మిగలడం, అన్నీ చెప్పేశాను.

మీ నాన్న కోప్పడలేదు. "బొమ్మకి జబ్బంటే నేను నమ్మినాననుకుంటివా? మీరిద్దరూ బాధపడతారని గమ్మునుంటి" అన్నాడు. మనం ఆయన్ని కాపాడుతున్నామనుకున్నాం. చూశావా?

తర్వాత తొక్కించుకున్న వేలు ఒత్తుకుంటూ అడిగాడు. "కండ్లకద్దుకునింది సరేలేక్కా. ఆ ముసలాయప్పకి నొప్పెట్టెనా అని అడిగినాదా, లేదా?"

"నాకు రాయలేదప్పా" అన్నాను.

"ముప్పై ఏండ్లుగా యార్డులో నా కాలు తొక్కినోళ్ళు ఎంతమందో. అందరూ కండ్లకద్దుకునే పోయినారు. ఒక్కడన్నా నొప్పెట్టెనా అని అడిగినోడు లేడు. నేనూ ఎవుర్నీ అడగలా. ఇదిగో, ఇప్పుడే తోచె."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసు నాది, ఆరేళ్ళది నీది. నాలుగు నెలలుగా ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుంటున్నాం. మనిద్దరికీ తట్టని మాట హమాలీకి తట్టింది. ఆ ముసలామె కాలు తొక్కిన రోజు కూడా నేను అడగలేదు హెప్సీ. నిన్న రాత్రంతా అదే తిరిగింది మనసులో.

తన్నుల మందు ఆపెయ్యి. కాలు తగిలితే అడుగు, అంతే. స్పీడు పోస్టులో వేస్తున్నాను, 30లోపు అందాలని ప్రార్థన చేస్తున్నాను.

అత్త


గ్రిమ్స్‌బీ
6 ఫిబ్రవరి 2025

అత్తా, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదువు. బావ ఎలాగూ ముందే చదివేసి ఉంటాడు.

నెగ్గాను. ఈ రోజే కబురొచ్చింది. జిన్సీ, షైనీ ఆనందం పట్టలేక మళ్ళీ తన్నారు.

నీ ఉత్తరం 28న అందింది. 30న గదిలోకి పోతే మళ్ళీ అదే ముసలాయన. నన్ను చూడగానే పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తిరిగాను, అయినా గ్లౌజులు తొడిగాక నా కాలు తగలనే తగిలింది. చెయ్యి కదిలింది అత్తా, అబద్ధం చెప్పను. జానెడు కిందికి దిగింది. అంతలో నోరు అడిగేసింది, "సారీ, నొప్పి పుట్టిందా?" అని. అడిగాక జవాబు కోసం ఆయన మొహం చూడాలి కదా. చూశాను. చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"కొంచెం" అన్నాడు. ఎక్కడ అని అడిగాను. చూపించాడు. పాదం ఇటు పెట్టుకుంటారా, కాసేపు ఆగమంటారా అని అడిగాను. పెట్టుకున్నాడు, నొప్పి తగ్గిందని చెప్పి కొనసాగించమన్నాడు. కట్టు కట్టాను. చేతులు దేన్నీ ముట్టుకోలేదు.

గంట కొట్టాక నేను తలుపు దగ్గర ఉండగా ఆయన మెల్లగా పిలిచాడు. వేషం తీసేసి తన సొంత గొంతుతో మాట్లాడాడు. "ఈసారి నిజంగా కొంచెమే. అక్టోబరులో గట్టిగా తగిలింది. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. కొత్తది ఇప్పుడిప్పుడే మొలుస్తోంది" అని నవ్వాడు.

నాలుగు నెలలు నా చెయ్యి గురించి బాధపడ్డాను, నిన్ను తిట్టాను, కళ్ళలో మందు వేసుకున్నాను. ఆయన గోరు ఊడిన సంగతి నాకు తెలియనే తెలియదు.

నాన్న అడిగినదానికి జవాబు చెప్పు అత్తా. నొప్పి పుట్టిందట. బాగానే పుట్టిందట.

హెప్సిబా